నేనేం ముట్టుకోలేదక్కా!

ఇంటి ఖర్చులు ఎక్సెల్‌లో రాసుకునేవాళ్లకు ఇది అనుభవమే. ఫైలు తెరుస్తారు. పాలవాడికి ఎంత ఇవ్వాలో చూసుకుంటారు. ఒక్క అక్షరం కూడా కొట్టరు. తీరా మూసేయబోతుంటే కంప్యూటర్ అడ్డం పడుతుంది, ‘మార్పులు సేవ్ చేయమంటారా?’ అని. నేనేం మార్చాను తల్లీ అనుకుంటూ ‘వద్దు’ నొక్కి బయటపడతారు. మీ పని అక్కడితో అయిపోతుంది. నాలాంటివాళ్ల పని అక్కడే మొదలవుతుంది.

నేను టెస్టర్‌ని. సాఫ్ట్‌వేర్ అంటే ప్రోగ్రాములు రాయడమే అనుకుంటారు చాలామంది. వాళ్లు రాసింది సరిగ్గా పనిచేస్తోందా లేదా అని చూసేవాళ్లూ ఉంటారు. మా అత్తయ్య దృష్టిలో నాది ‘ఇంకొకరు వండినదానికి రుచి చూసి వంకలు పెట్టే ఉద్యోగం’. ఇరవై ఏళ్ల సర్వీసులో ఇంతకంటే మంచి నిర్వచనం నాకు ఏ పుస్తకంలోనూ కనబడలేదు.

ఇప్పుడు ఆ రుచి చూడటం కూడా ఎక్కువగా యంత్రమే చేస్తోంది. మేం వందల కొద్దీ పరీక్షలు రాసిపెడతాం. ఒక్కో పరీక్షకూ ఓ ప్రశ్నపత్రం, ఓ జవాబుల కాగితం ఉంటాయి. రాత్రి అందరూ ఇళ్లకు వెళ్లాక పరీక్షల సాఫ్ట్‌వేర్ తనంతట తానే ప్రశ్నలు వేస్తుంది, వచ్చిన సమాధానాన్ని జవాబుల కాగితంతో పోలుస్తుంది, సరిపోతే పచ్చ, లేకపోతే ఎరుపు రంగు వేసి తెల్లారేసరికి జాబితా చేతిలో పెడుతుంది.

మరి ఆ జవాబుల కాగితాన్నే ఎవరైనా దిద్దేస్తే? అందుకే మంచి పరీక్షల సాఫ్ట్‌వేర్‌లో ఓ కాపలా ఉంటుంది. మా అమ్మమ్మ ఆవకాయ జాడీకి వాసెన కట్టేది. ఆ ముడి ఆవిడ ఒక్కదానికే వచ్చు. ఎవరైనా విప్పి మళ్లీ కడితే, ఎంత జాగ్రత్తగా కట్టినా, దూరం నుంచే కనిపెట్టేది. మా సాఫ్ట్‌వేర్ కూడా అంతే. ‘ఈ ఫైలు నేను చివరిసారి చూసినట్లు లేదు, బయట ఎవరో మార్చారు’ అని హెచ్చరిస్తుంది. అలాంటి హెచ్చరికలు ఒక్క రాత్రిలో 44 వచ్చిపడ్డ సంగతి ఇది.

2019 మార్చి. హైదరాబాద్ మాదాపూర్‌లో నేను పనిచేస్తున్న ఓ కంపెనీ. అమెరికా క్లయింట్ ఒకరికి ఆస్పత్రి బిల్లుల సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించే పని. బిల్లులో బీమా కంపెనీ ఎంత కట్టాలి, రోగి తన జేబులోంచి ఎంత కట్టాలి అని లెక్క తేల్చే ప్రోగ్రామ్ అది. శుక్రవారం పాత టెస్ట్ మెషీన్ తీసేసి కొత్తది పెట్టారు. సోమవారం రాత్రి దానిమీద మొదటిసారి మొత్తం పరీక్షలు నడిచాయి. మంగళవారం పొద్దున మేనేజర్ మెయిల్ తెరిచేసరికి 44 హెచ్చరికలు. ఆయన చేసిన మొదటి పని, హెచ్చరిక వచ్చిన ఓ ఎక్సెల్ ఫైలు మీద రైట్ క్లిక్ కొట్టి ‘ప్రాపర్టీస్’ చూడటం. అందులో ‘చివరిసారి సేవ్ చేసినవారు’ అన్నచోట మా టీములో చేరి మూడు నెలలైన అమ్మాయి పేరుంది. రెండో పని, ‘అనుమతి లేకుండా టెస్ట్ ఫైళ్లను మార్చడం తీవ్రమైన విషయం’ అంటూ ఆ పేరుతో సహా టీముకంతటికీ మెయిల్ కొట్టడం. మూడో పని, దాని కాపీ హెచ్‌ఆర్‌కి పంపడం.

ఆ అమ్మాయిది కడప జిల్లా. ఆర్నెల్ల ప్రొబేషన్‌లో ఉంది. సాయంత్రం ఆరు నుంచి తెల్లవారుజామున మూడు దాకా షిఫ్టు. తండ్రికి ఒంట్లో బాగుండదు, తమ్ముడి ఇంజినీరింగ్ ఫీజు ఈమె జీతంలోంచే వెళ్లాలి. ఆ మెయిల్ నిద్రలేచి ఫోన్లో చూసుకుని, షిఫ్టు వేళ కాకపోయినా పరిగెత్తుకొచ్చింది. అందరి ముందూ ‘మేడమ్’ అనే పిల్ల, ప్యాంట్రీలో నా చెయ్యి పట్టుకుని, “నేనేం ముట్టుకోలేదక్కా. ఆ ఫైళ్ల జోలికే పోలేదు” అంది. కాఫీ కప్పు వణుకుతోంది.

మేనేజర్ నన్ను పిలిచి, “మీరు సీనియర్ కదా, విషయం తేల్చండి. సాయంత్రం క్లయింట్‌కి డెమో ఉంది” అన్నాడు. ‘తేల్చండి’ అన్నాడు గానీ ఆయన మటుకు అప్పటికే తేల్చేసుకున్నాడు.

ఇలాంటప్పుడు మొదట చేయాల్సింది ఒకటే. ఏదీ తెరవకూడదు. తెరిచి చూస్తే చాలు, కొన్ని ఫైళ్లు మారిపోతాయి. ముందు మొత్తం ఫోల్డర్‌ని కాపీ చేసి పక్కన పెట్టాలి. ఆ కాపీలోనూ ఓ తిరకాసుంది. విండోస్‌లో ఫైలుని కాపీ చేస్తే ‘చివరిసారి మార్చిన సమయం’ పాతదే వస్తుంది, ‘పుట్టిన సమయం’ మాత్రం కాపీ చేసిన క్షణానిది అవుతుంది. దాంతో ఫైలు పుట్టకముందే మారినట్లు కనిపిస్తుంది. బిడ్డ పుట్టకముందే బారసాల అన్నమాట. ఇది చూసి కంగారుపడి, ఎవరో తేదీలు దిద్దేశారని వాదించినవాళ్లని నేను చూశాను. లైనక్స్‌లో మామూలుగా కాపీ చేస్తే మార్చిన సమయం కూడా కొత్తదైపోతుంది, ‘ఉన్నది ఉన్నట్లు’ తెమ్మని విడిగా చెప్పాలి.

ఫైలు మారిందని కంప్యూటర్‌కి ఎలా తెలుస్తుంది? రెండు దారులు. ఒకటి, గడియారం చూడటం. ప్రతి ఫైలుకీ చివరిసారి మారిన సమయం రాసి ఉంటుంది. యూనిక్స్ కుటుంబం ఈ సమయాన్ని 1970 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతి 1601 జనవరి 1 నుంచి లెక్కపెడుతుంది, అంటే మన చార్మినార్ కట్టిన పదేళ్ల తర్వాతి నుంచి! సెకనుని కోటి ముక్కలు చేసి అందులో ఇది ఎన్నో ముక్క అని కూడా రాసుకుంటుంది. అంత సూక్ష్మంగా రాసుకునే యంత్రం, ఎవరు మార్చారన్నది మాత్రం మామూలుగా రాసుకోదు. ఎప్పుడన్నదే తెలుస్తుంది. ఎవరన్నది తెలియాలంటే ముందుగానే ఆడిటింగ్ అనే నిఘా పెట్టుకుని ఉండాలి. మా మెషీన్‌లో అది లేదు. పైగా టీములో అందరికీ ఒకటే లాగిన్.

సమయాన్ని నమ్ముకునే పద్ధతికి పెద్ద చరిత్రే ఉంది. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ ‘మేక్’ అనే ప్రోగ్రామ్ రాశాడు. దానికి కారణం స్టీవ్ జాన్సన్ అనే సహోద్యోగి ఓ పొద్దంతా పడిన పాట్లు. ఆయన తప్పుని అప్పటికే సరిదిద్దేశాడు. కానీ దిద్దిన ఫైలు యంత్రభాషలోకి మారలేదు. పాతదే నడుస్తోంది. ఆ సంగతి తెలియక, సరిగ్గా ఉన్న ప్రోగ్రామ్‌లో తప్పు కోసం వెతికి వెతికి విసిగిపోయాడు. ఏ ఫైలు ఎప్పుడు మారిందో చూసి, కొత్తగా మారినవాటిని మాత్రం మళ్లీ తయారుచేసే పనిని మేక్ తలకెత్తుకుంది. ఇన్నేళ్లయినా వాడుకలో ఉంది. దీనికి 2003లో ఏసీఎం సంస్థ అవార్డు కూడా ఇచ్చింది. ఒక మెషీన్ గడియారం ఇంకోదానికంటే ముందుంటే ఈ మేక్‌ కూడా తికమకపడి, ఫలానా ఫైలు భవిష్యత్తులో మారిందని హెచ్చరిస్తుంది. నవ్వొస్తుంది గానీ దాని తప్పేం లేదు.

రెండో దారి వేలిముద్ర. ఫైలులోని ప్రతి అక్షరాన్నీ లెక్కలోకి తీసుకుని, గణితంతో ఓ పొడవాటి సంఖ్య తయారుచేస్తారు. షా-256 అనే పద్ధతిలో అది 64 అక్షరాల వరస. ఫైలులో ఒక్క కామా మారినా వరస మొత్తం మారిపోతుంది. ఇదే నిక్కమైన పరీక్ష. కాకపోతే పెద్ద ఫైళ్లకు టైం పడుతుంది. మా పరీక్షల సాఫ్ట్‌వేర్ అందుకే మధ్యేమార్గం పట్టింది. చిన్న ఫైళ్లకు వేలిముద్ర, పెద్ద పెద్ద పీడీఎఫ్‌లకు సమయమూ సైజూ చూసి ఊరుకుంటుంది. అదీ పరీక్షలు మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి.

నేనూ ఆ అమ్మాయీ ఓ మూల గదిలో కూర్చుని 44 హెచ్చరికలనూ కాగితం మీద రాశాం. మేనేజర్ చూసింది మొత్తం సంఖ్య ఒక్కటే. విడగొట్టి చూస్తే మొదలుకి ముందు 41, ముగిశాక 3. ముందువాటిలో 32 మామూలు టెక్స్ట్ ఫైళ్లు, 9 పీడీఎఫ్‌లు. ముగిశాక వచ్చిన మూడూ ఎక్సెల్ ఫైళ్లు.

పీడీఎఫ్‌ల సంగతి చూడబోతే, అసలు ఉన్నవి 20. హెచ్చరిక వచ్చింది 9కే. మిగతా 11 పాపం నోరెత్తలేదు. పాత మెషీన్‌లోని అసలు ఫైళ్లతో వేలిముద్రలు పోల్చి చూశాం. 20కి 20 సరిపోయాయి. అంటే లోపలి విషయం ఇసుమంత కూడా మారలేదు, సమయమే తేడా. ఎంత తేడా అంటే, తొమ్మిదింటికీ సరిగ్గా ఒక్క సెకను.

ఆ అమ్మాయి కాసేపు అంకెలకేసి చూసి, “అక్కా, ఇవన్నీ బేసి సెకన్లు” అంది.

నిజమే. పాత మెషీన్‌లో 07, 23, 41 అని ఉన్నవి కొత్తదాంట్లో 08, 24, 42 అయి కూర్చున్నాయి. సరి సెకన్లవి కదల్లేదు. ఐటీ విభాగంవాళ్లని అడిగితే, పీడీఎఫ్‌లని పెన్‌డ్రైవ్‌లో తెచ్చామన్నారు. పెన్‌డ్రైవ్‌లలో తరచూ వాడే ఫ్యాట్ అనే పాత పద్ధతిలో సమయం రాసుకునే చోటు ఇరుకు. దాంతో రెండేసి సెకన్ల చొప్పునే రాసుకుంటుంది. అక్కడ బేసి సెకన్లు అనేవే ఉండవు! మా పీడీఎఫ్‌లు క్లయింట్ లైనక్స్ సర్వర్ నుంచి కట్టగట్టి వచ్చినవి కాబట్టి వాటి సమయాలు పూర్తి సెకన్లలో ఉన్నాయి, అందుకే బేసి, సరి అంత స్పష్టంగా విడిపోయాయి. ఈ ఫ్యాట్‌తో ఇంకో చిక్కు కూడా ఉంది. అది స్థానిక సమయాన్నే రాసుకుంటుంది, ఏ దేశపు సమయమో రాయదు. అమెరికాలో ఏటా మార్చి రెండో ఆదివారం గడియారాలు గంట ముందుకు జరుపుతారు. ఆ రోజు తర్వాత అలాంటి డ్రైవ్‌లోని ఫైళ్ల సమయాలు విండోస్ లెక్కలో గంట జరిగిపోతాయి. అక్కడి టెస్టర్లు ఆ సోమవారాలను మర్చిపోరు. మనకిప్పుడు దేశమంతా ఏడాది పొడుగునా ఒకటే సమయం, అదో అదృష్టం.

తొమ్మిది పోయాయి. ఇక ఎక్సెల్ మూడు.

ఇవే ఆ అమ్మాయి మెడకి చుట్టుకున్నవి. ప్రాసెస్ మానిటర్ అని మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఓ ప్రోగ్రామ్ ఉంది. మార్క్ రుసినోవిచ్ వాళ్ల సిస్‌ఇంటర్నల్స్ సరంజామాలోది. ఏ క్షణాన ఏ ప్రోగ్రామ్ ఏ ఫైలుని తాకిందో వరసగా చూపిస్తుంది. మా వీధిలో సీసీ కెమెరా కంటే నమ్మకంగా పనిచేస్తుంది. దాన్ని ఆన్ చేసి, ఆ మూడు ఫైళ్లు వాడే పరీక్షలను మా ఎదుటే నడిపించాం. కీబోర్డు మీద ఎవ్వరమూ చెయ్యి పెట్టలేదు. పరీక్షే ఎక్సెల్‌ని తెరిచింది, లెక్క చదువుకుంది, మూసేస్తూ సేవ్ చేసింది. ఆ ఫైళ్లలో ఓ గడిలో ‘ఈ రోజు తేదీ’ అనే సూత్రం ఉంది. ఫైలు తెరిచిన ప్రతిసారీ ఎక్సెల్ ఆ సూత్రాన్ని మళ్లీ లెక్కగడుతుంది, లెక్కగట్టింది కాబట్టి మార్పు జరిగిందంటుంది. మీ పాలవాడి లెక్కలో ‘మార్పులు సేవ్ చేయమంటారా’ అని అడగడానికి ఒక కారణం ఇదే. మీరు ‘వద్దు’ అంటారు. మా పరీక్ష రాసినవాడెవరో ‘సరే’ అని రాసిపెట్టాడు.

మరి పాత మెషీన్‌లో ఈ గొడవ ఎందుకు రాలేదు? అక్కడ ఆ ఫైళ్లకు ‘చదవడానికి మాత్రమే’ అనే తాళం ఉంది, సేవ్ సాగేది కాదు. కొత్త మెషీన్‌కి వచ్చేటప్పుడు దారిలో ఆ తాళం ఊడిపోయింది. హెచ్చరించే సాఫ్ట్‌వేరే మారుస్తోంది, మార్చారని తానే గోల పెడుతోంది. కంచే చేను మేసి, కంచే కేకలు పెట్టినట్లుంది.

మరి ఆ అమ్మాయి పేరు? శుక్రవారం సాయంత్రం ఈమె షిఫ్టుకి వచ్చేసరికి కొత్త మెషీన్ బల్లమీద సిద్ధంగా ఉంది. ఆఫీస్ ప్రోగ్రాములను మొదటిసారి తెరిచింది ఈమే. మొదటిసారి తెరిచినప్పుడు అది పేరు అడుగుతుంది. బుద్ధిమంతురాలు కనుక పేరు రాసింది. అందరిదీ ఒకే లాగిన్ కావడంతో, ఇక ఆ మెషీన్‌లో ఎవరు సేవ్ చేసినా, చివరికి యంత్రం చేసినా, ఈమె పేరే పడుతుంది. కొత్తింటికి మొదట పాలు పొంగించిన పాపానికి ఆ ఇంట్లో ఏం పోయినా ఆవిడే బాధ్యురాలన్నట్లు.

ఈ మాట విన్నాక ఆ పిల్ల మొహంలోకి రక్తం వచ్చింది. టిఫిన్ కూడా చేయలేదని అప్పుడు చెప్పింది. కింద క్యాంటీన్ నుంచి ఉప్మా తెప్పించాను.

మిగిలినవి 32 టెక్స్ట్ ఫైళ్లు. పాత మెషీన్‌లోవీ కొత్తదాంట్లోవీ పక్కపక్కన పెట్టి పోలిస్తే తెర మొత్తం పసుపు రంగు. ప్రతి లైనూ మారిందంటోంది. కళ్లద్దాలు తుడుచుకుని చూసినా ఒక్క అక్షరం తేడా లేదు. ఇలా కనబడితే అనుభవం ఉన్నవాళ్లు ఇక అక్షరాలు చూడరు, లైన్ల చివర చూస్తారు. పాత టెలిప్రింటర్‌లో లైను పూర్తయితే రెండు పనులు జరగాలి. ముద్రించే భాగం ఎడమ కొసకి రావాలి, కాగితం ఓ మెట్టు పైకి జరగాలి. రెంటికీ రెండు సంకేతాలు, 13, 10. టెలిప్రింటర్లు పోయినా సంకేతాలు మిగిలాయి. విండోస్ ఇప్పటికీ లైను చివర రెండూ రాస్తుంది. యూనిక్స్, లైనక్స్ ఒక్క 10తో సరిపెట్టుకుంటాయి. రెండూ కంటికి కనపడవు. ఈ పంతం ఎంతదాకా వెళ్లిందంటే, విండోస్ తొలి వెర్షన్ 1985లో వచ్చినప్పటి నుంచీ ఉన్న నోట్‌ప్యాడ్, లైనక్స్ లైన్లను సరిగ్గా చూపించడం 2018లో గానీ నేర్చుకోలేదు.

ఐటీ విభాగం కుర్రాడు గిట్ అనే భద్రపరిచే వ్యవస్థ నుంచి ఈ ఫైళ్లను తన విండోస్ లాప్‌టాప్‌లోకి దించుకుని, అక్కడి నుంచి ఫోల్డర్లు మాత్రం టెస్ట్ మెషీన్‌లోకి కాపీ చేశాడు. విండోస్‌లో గిట్‌ని సర్దేటప్పుడు మామూలుగా వచ్చే ఎంపికతో, ఫైళ్లు దిగేటప్పుడు లైన్ల చివర రెండో సంకేతం చేరుతుంది. మంచికే. కానీ మా వేలిముద్ర లెక్క మారిపోయింది. రుజువు కూడా సులువే. 1,200 లైన్ల ఫైలు సరిగ్గా 1,200 బైట్లు పెరిగింది. 85 లైన్లది 85 పెరిగింది. 32 ఫైళ్లూ ఇలా లెక్కకి లెక్క సరిపోయాయి.

మధ్యాహ్నం మూడైంది. మేనేజర్ తలుపు తీసి చూశాడు. “అయిపోయినట్లేగా?” అన్నాడు. లెక్క సరిపోయింది. అమ్మాయి నిర్దోషి. డెమోకి రెండు గంటల టైముంది. ఎవరైనా ల్యాప్‌టాప్ మూసేసే చోటు అది.

ఆ అమ్మాయి మూయలేదు. “సైజు సరిపోయింది గానీ, లోపల ఒక అంకె బదులు ఇంకో అంకె ఉన్నా సైజు సరిపోతుంది కదక్కా. లైను చివరలు వదిలేసి మళ్లీ పోలుద్దాం. అన్నీ” అంది. నిజం చెప్పొద్దూ, నాకు ముచ్చటేసింది. తన పేరు పోయిన చోట నిలబడి, తన పేరు బయటపడ్డాక కూడా వెతుకుతానంటోంది. టెస్టర్‌ని తయారుచేయలేం, దొరకాలి.

లైను చివరల తేడా పట్టించుకోవద్దని చెప్పి 32నీ మళ్లీ పోల్చాం. 31 ఫైళ్లలో తెర తెల్లగా వచ్చింది. ముప్ఫైరెండో దాంట్లో ఒకే ఒక్క లైను పసుపు రంగులో మిగిలింది. ఓ జవాబుల కాగితం. రోగి కట్టాల్సిన మొత్తం అన్నచోట 182.50 డాలర్లు ఉండాలి. 187.50 అని ఉంది. రెండూ ఆరేసి గుర్తులే, సైజు తేడా రాదు. మిగతా 31కీ చివరిసారి మారిన సమయం శుక్రవారానిది. దీనికి సోమవారం మధ్యాహ్నం 2.40.

సోమవారం ఆ అమ్మాయి కార్డు గేటు దగ్గర పడింది సాయంత్రం 5.50కి.

జవాబుల కాగితాన్ని మళ్లీ 182.50కి మార్చి ఆ ఒక్క పరీక్ష నడిపించాం. ఎర్రగా వచ్చింది. అంటే ప్రోగ్రామ్ నిజంగానే 187.50 అంటోంది. తవ్వి చూస్తే, కొత్త సంవత్సరంలో మారిన రేటుని పాత సంవత్సరంలో జరిగిన వైద్యానికి కూడా వేస్తోంది. రోగి జేబులోంచి అయిదు డాలర్లు ఎక్కువ. సోమవారం ఎవరో డెమోకి రిహార్సల్‌గా పరీక్షలు చేత్తో నడిపి చూసుకున్నారు, ఒకటి ఎర్రగా వచ్చింది, ప్రోగ్రామ్‌ని దిద్దే టైము లేదు, జవాబు దిద్దేశారు. పిల్లాడు లెక్క తప్పు చేస్తే మాస్టారి పుస్తకంలో జవాబు కొట్టేసి రాసినట్లు. అయిదు డాలర్లే కదా అనుకోవచ్చు. అది ఒక్క బిల్లులో. అలాంటి ప్రతి బిల్లులోనూ పడేది, ఏ ముసలాయనో కౌంటర్ ముందు నిలబడి కట్టేవాడు.

44 హెచ్చరికల్లో 43 ఉత్తుత్తివి. ఆ నలభైమూడూ గోల చేయడం వల్లే నలభైనాలుగోది వినబడలేదు. ఆ పొద్దున ఎవరైనా చిరాకుపడి ‘అన్నీ ఆమోదించు’ అనే బటన్ నొక్కి ఉంటే (ఉంటుంది అలాంటి బటన్, చాలా ఆఫీసుల్లో దానికే అరుగుదల ఎక్కువ), 187.50 అనేదే ఇక నిజమైన జవాబుగా స్థిరపడిపోయేది. ఆ తర్వాత సరిగ్గా లెక్కగట్టే ప్రోగ్రామ్ వస్తే, దానికే ఎరుపు రంగు పడేది.

సాయంత్రం డెమోలో ఆ ఒక్క పరీక్షా ఎర్రగానే చూపించారు. నేనైతే క్లయింట్ గొడవపడతాడనుకున్నాను. అవతలి ఆవిడ రెండు ప్రశ్నలడిగి, ఎప్పటికి సరిచేస్తారని తేదీ రాసుకుంది, అంతే. నాలుగు రోజుల్లో సరిచేశారు. జవాబు దిద్దింది ఎవరో నాకు తర్వాత తెలిసింది. ఇక్కడ రాయను. రాయదగ్గ సంగతి ఇంకోటుంది. మంగళవారం పొద్దున టీముకంతటికీ వెళ్లిన మెయిల్‌కి జవాబుగా బుధవారం మేనేజర్ నుంచి ఒకే లైను వచ్చింది, ‘సమస్య పరిష్కారమైంది’ అని. ఆ అమ్మాయి పేరు అందులో లేదు. పొరపాటు పడ్డామన్న మాట లేదు. నేను హెచ్‌ఆర్‌కి విడిగా రెండు పేజీలు రాసి, ప్రొబేషన్ ఫైల్లో పెట్టమని అడిగి, పెట్టినట్లు జవాబు తెప్పించుకునేదాకా ఊరుకోలేదు. మార్పు తేదీలకంటే వేలిముద్రలు నమ్మకమైనవైనట్లే, నోటిమాట కంటే కాగితం నయం.

తర్వాతి వారంలో చేయాల్సినవి చేశాం. గిట్‌లో లైను చివరలు ఎలా ఉండాలో చెప్పే చిన్న ఫైలు ఒకటి పెడితే, ఎవరి లాప్‌టాప్ సెట్టింగ్ ఏదైనా ఫర్వాలేదు. అది పెట్టాం. పీడీఎఫ్‌లకి సమయం మారితే వెంటనే అరవకుండా, వేలిముద్ర చూసి అది కూడా మారితేనే అరవమన్నాం. ఎక్సెల్ పరీక్షల్లో ‘సరే’ని ‘వద్దు’గా మార్చాం. లాగిన్‌లు ఎవరివి వాళ్లకి ఇప్పించడానికి మాత్రం ఆర్నెల్లు పట్టింది, దానికి లైసెన్సుల ఖర్చు అడ్డొచ్చింది. ఆ అమ్మాయి తనంతట తాను ఇంకో పని చేసింది. హెచ్చరికలో ‘ఫైలు మారింది’ అని ఊరుకోకుండా, సమయమా, సైజా, లైను చివరలా, లోపలి విషయమా, ఏది మారిందో విడివిడిగా చెప్పేలా రాసింది. లోపలి విషయం మారితే ఆ లైను కూడా చూపిస్తుంది.

ప్రొబేషన్ పూర్తయింది. తమ్ముడి చదువూ అయింది. 2021లో తను వేరే కంపెనీకి మారింది, తెలుగులో ప్రోగ్రాములు తెచ్చే ప్రాజెక్టు. ఓ రాత్రి పదకొండింటికి ఫోన్.

“అక్కా, ఇక్కడ రెండు హైదరాబాద్‌లు ఉన్నాయి!”

నాకు అర్థం కాలేదు. ఒకే ఫోల్డర్‌లో ‘హైదరాబాద్’ అనే పేరుతోనే రెండు ఫైళ్లు ఉన్నాయట. ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లు ఉండవు. కానీ ఉన్నాయి. పరీక్షల సాఫ్ట్‌వేరేమో ఒక ఫైలు పోయింది, ఒకటి కొత్తగా వచ్చింది అని హెచ్చరిస్తోంది. అనువాదం చేసేవాళ్లు ఓ పాత మ్యాక్ మీద పనిచేసి, జిప్ చేసి పంపారని చెప్పగానే నాకు లైటు వెలిగింది.

“పేర్లో ఎన్ని బైట్లున్నాయో లెక్కపెట్టు” అన్నాను.

“ఒకదాంట్లో 27. ఇంకోదాంట్లో 30.”

మన ఐత్వాన్ని ఒకసారి రాసి చూడండి. పైన ఎత్వం, కింద చిన్న కొస. కంప్యూటర్‌లో ఐత్వానికి ఒకే సంకేతం వాడొచ్చు, లేదా ఎత్వానికి ఒకటి, కింది కొసకి ఒకటి, రెండు సంకేతాలుగానూ రాయొచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, తెరమీద రెండూ ఒకేలా ఉంటాయి. 2017లో కొత్త పద్ధతి వచ్చేదాకా ఆపిల్ మ్యాక్‌లు ఫైలు పేర్లలో ఇలాంటి అక్షరాలను విడదీసి రాసుకునేవి. విండోస్‌లో మనం టైప్ చేస్తే మామూలుగా కలిపే వస్తుంది. ఆ కొస ఖరీదు మూడు బైట్లు.

ఇదంతా చెప్పడం పూర్తయ్యేసరికి పదకొండున్నర. అటునుంచి కీబోర్డు చప్పుడు వినబడుతోంది. “ఫోల్డర్ మొత్తం వెతికానక్కా. మైదుకూరు కూడా రెండుంది” అంది నవ్వుతూ. “ఇంకా ఐత్వం ఉన్న ఊళ్లు ఏమున్నాయో చెప్పు, రాసుకుంటా.”

పక్క గదిలోంచి అత్తయ్య నిద్రమత్తులోనే “నైజాం, మైలవరం, శ్రీశైలం” అంటూ మొదలుపెట్టింది.